ఊరికీ పల్లెకీ నడుమ ఇల్లెక్కడ? - కులాంతర దంపతుల కాపురం గురించి

కులాంతర వివాహాల గురించి మన సభల్లో చాలానే మాట్లాడుకుంటాం. వేదిక మీద దండలు మార్పిస్తాం. ఆదర్శ దంపతులని చప్పట్లు కొడతాం. సభ అయిపోతుంది, షామియానా విప్పేస్తారు. ఆ రాత్రి ఆ ఇద్దరూ ఏ ఇంటికి పోవాలి? వచ్చే ఒకటో తారీఖు నుంచి ఏ వీధిలో కాపురం పెట్టాలి? ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మనలో చాలామంది తప్పుకుంటారు. అది వాళ్ళ సొంత విషయం అనుకుంటారు.

కులానికి అసలైన మందు కులాంతర వివాహమేనని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చెప్పారు. ఆయనకే 1917లో బరోడాలో తలదాచుకోవడానికి గది దొరకలేదు. విదేశాల్లో చదివి, సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన మనిషి, పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆశ్రయం అడిగితే హిందూ మిత్రుడు ఇవ్వలేదు, క్రైస్తవ మిత్రుడూ ఇవ్వలేదు. డిగ్రీలు కులాన్ని దాటించవని ఆ రోజే తేలిపోయింది. పెళ్ళి అయినా అంతే. దాటిన తర్వాత నిలబడడానికి ఒక చోటు కావాలి. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఆ చోటు ఎక్కడుందో, ఎందుకు దొరకదో, ఎలా తయారవుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ఊరు, పల్లె

ఈ మైదానాల్లో గ్రామం అంటే ఒకటి కాదు, రెండు. ఊరు వేరు, పల్లె వేరు. పల్లె కూడా మాలపల్లె, మాదిగపల్లెగా మళ్ళీ రెండు. పొలం ఊరిది, కూలి పల్లెది. పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు పల్లె చేతులు లేకపోతే ఊరికి ఒక్క రోజు గడవదు. ఆ కాయ కల్లంలో ఎండి, కారమై ప్రతి వంటింట్లోకీ పోతుంది. కోసిన చెయ్యి ఎవరిదని అప్పుడు ఎవరూ అడగరు. అదే చెయ్యి ఊళ్ళో ఇల్లు అద్దెకు అడిగితే మాత్రం కులం గుర్తొస్తుంది.

ఇటువంటి చోట కులాంతర దంపతులు ఎక్కడ ఉండాలి? అబ్బాయి దళితుడు, అమ్మాయి అగ్రకులం అయితే ఊళ్ళో ఉండే మాటే లేదు. పల్లెలో కాపురం పెడితే కోడలిని పల్లె కాదనదు. అయితే ఆ పెళ్ళికి బదులు తీర్చుకోవడం ఆ ఒక్క ఇంటితో ఆగదు. కూలి పనులు ఆగిపోతాయి, కౌలు పోతుంది, అప్పు పుట్టదు. పల్లె మొత్తం జవాబు చెప్పుకోవాలి. అమ్మాయి దళిత, అబ్బాయి అగ్రకులం అయితే కథ ఇంకోలా నడుస్తుంది. ఒకవేళ అత్తారింట్లోకి రానిచ్చినా వెలి గడప లోపల మొదలవుతుంది. వంటిల్లు వేరు, చెంబు వేరు, కొడుక్కి భూమిలో వాటా ఇవ్వాలా వద్దా అనే పంచాయితీ వేరు. ఆమె పుట్టింటివాళ్ళు పెరటి దోవన కూడా రాలేరు. మాల మాదిగల మధ్య పెళ్ళిళ్ళకూ ఇల్లు సమస్యే. 1994లో దండోరా ఉద్యమం పుట్టింది ప్రకాశం జిల్లా ఈదుమూడిలోనే. మనలో మనకున్న ఎడం ఎంతో అప్పుడు బయటపడింది. దాన్ని దాచుకుని అగ్రకులాలను మాత్రమే ప్రశ్నిస్తే మన మాటకు బలం ఉండదు.

ఇది ఊహించి చెప్పేది కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర. చెరువు నీళ్ళనీ, హాల్లో తగిలిన కాలునీ సహించని ఊరు, పెళ్ళిని సహిస్తుందా? 2022 ఏప్రిల్లో ఈ రెండు జిల్లాల్నీ విడగొట్టారు. కారంచేడు, చీరాల, చుండూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారినంత మాత్రాన ఊరి కట్టడి మారదు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ‘కులాంతర జంటను ఆదరించే చోటు ఏది?’ అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఊరివైపే చూస్తారు. ఆదరించే చోటు ఇప్పటికే ఉంది, అది పల్లె. అక్కడ లేనిది రక్షణ. కులం ఇళ్ళ జాగాల్ని ఎలా పంచిందంటే, ఆదరణ ఉన్న చోట రక్షణ లేదు, రక్షణ ఉన్న చోట ఆదరణ లేదు. ఈ రెండూ ఒకే చోట దొరకడమే మన సమస్య.

పట్నం అడిగే ప్రశ్న

అందుకే అందరూ పట్నానికి పోతారు. గుంటూరు, ఒంగోలు, తెనాలి, చీరాల. గుంటూరు బ్రాడీపేటలో అడ్రసంతా అంకెలే. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే ఇల్లు దొరుకుతుంది. ఏ పాలెం, ఏ గూడెం అని ఉండదు. వీధికి కులం పేరు లేకపోతే ఊపిరి పీల్చుకున్నట్టే ఉంటుంది. ‘టు లెట్’ బోర్డు చూసి గేటు తీసేదాకానే ఆ ఊపిరి.

“మీదే ఊరు బాబూ?” అంటారు మొదట. తర్వాత ఇంటిపేరు. అప్పటికీ తేలకపోతే, “ఏమీ అనుకోమాకండి, మీరేవిట్లు?” కులాంతర జంటకు ఈ ప్రశ్నకు రెండు జవాబులుంటాయి. అగ్రకుల భాగస్వామి ఇంటిపేరు చెబితే తాళంచెవి చేతికొస్తుంది. రెండోది చెబితే ఆ వాటాలోకి ఓనరు బంధువులు అప్పటికప్పుడు వచ్చేస్తున్నారని తెలుస్తుంది.

మేమూ మొదటి జవాబే చెప్పాం. రెండు గదుల వాటా దొరికింది, నీళ్ళు బాగానే ఉండేవి. గోడ మీద అంబేద్కర్ ఫోటో పెట్టలేదు. పల్లె నుంచి అమ్మ వచ్చినప్పుడు, “ఎవరన్నా అడిగితే ఊరి పేరు చెప్పు, పల్లె అని అనమాకు” అని చెప్పింది కూడా మేమే. ఆమె ఏమీ అనలేదు. మిరప కోతలున్నాయని మర్నాడే వెళ్ళిపోయింది. మళ్ళీ మూడు నెలలు రాలేదు. ఏ యూనివర్సిటీ ముఖం చూడని మనిషి మమ్మల్ని యూనివర్సిటీ దాకా చదివించింది. మేము ఆమెను మా గడప దగ్గర దాచిపెట్టాం. ఆ తర్వాత మాకు అర్థమైంది, ఇల్లు దొరకడం వేరు, చోటు దొరకడం వేరు. దళిత పక్షం తల్లిదండ్రులు తమ పేరుతో, తమ పల్లె పేరుతో వచ్చి కూర్చోగలిగితేనే అది కులాంతర దంపతుల ఇల్లు. లేకపోతే అది అగ్రకులం ఇంట్లో ఒక దళితుడో దళిత స్త్రీయో దాక్కుని ఉండడమే.

ఏం చూసుకోవాలి

అందువల్ల ఇల్లు వెతికేవాళ్ళు గాలి వెలుతురు కంటే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

మొదటిది దూరం. గుంటూరు పెద్దదే గాని దాక్కోవడానికి పనికిరాదు. చుట్టుపక్కల మిరప పండించే రైతు ఏదో ఒక రోజు గుంటూరు యార్డుకు టిక్కీలు తోలుకొస్తాడు. ఆస్పత్రికీ, కాలేజీకీ, కోర్టుకూ అందరూ వచ్చేది ఇక్కడికే. ప్రమాదం ఉన్నవాళ్ళు మొదటి ఏడాది ఇంకో జిల్లాలో ఉండడమే మేలు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని పట్టపగలు, ఆస్పత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే చంపించారు. కిరాయికి చంపించినవాడు అమ్మాయి తండ్రే. చదువు, అండగా నిలిచిన కుటుంబం, పట్నంలో ఇల్లు అన్నీ ఉన్నా ఒకే పట్నం కావడం వల్ల కనిపెట్టడం తేలికైంది. నల్లగొండ కోర్టు శిక్షలు వేసింది 2025 మార్చిలో.

రెండోది యజమాని. ఇల్లు ఎవరిది, అతని బతుకు ఎవరి మీద ఆధారపడి ఉంది? మంచివాడే కావచ్చు. కాని వ్యాపారం, వియ్యం అన్నీ ఆ కులంతోనే అయితే ఒత్తిడి వచ్చిన రోజు ఖాళీ చెయ్యమంటాడు. ప్రభుత్వ, రైల్వే క్వార్టర్లు ఇందుకే నయం. అక్కడ ఇల్లు ఇచ్చేది జాబితా.

మూడోది నీళ్ళు, దోవ. కొళాయి మనదేనా, అందరిదా? మెట్లు వేరేనా? మాట మాట పెరిగేది అక్కడే.

నాలుగోది, అర్ధరాత్రి తలుపు కొడితే ఎవరు వస్తారు? పిలిస్తే అయిదు నిమిషాల్లో రాగలిగినవాళ్ళు, ఉద్యోగ సంఘం వాళ్ళో, హాస్టల్ మిత్రులో, పక్క దళితవాడ యువకులో, నలుగురు లేని చోట ఎంత మంచి ఇల్లయినా తీసుకోవద్దు. పట్నంలోని దళితవాడలోనే కాపురం పెట్టడం తక్కువతనమేమీ కాదు. అగ్రకుల భాగస్వామి దానికి సిద్ధమేనా అన్నది పెళ్ళికి ముందే తేల్చుకోవాల్సిన మాట.

చట్టం ఎంతవరకు

అంటరానితనం కారణంగా ఏ ఊళ్ళోనైనా, ఏ వీధిలోనైనా నివాసం ఉండనివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం నేరం. ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడాన్ని ఏడో సెక్షన్ బహిష్కరణగా లెక్కిస్తుంది. బాధితులు షెడ్యూల్డు కులం వాళ్ళయితే, కాదని రుజువయ్యేదాకా, అంటరానితనం వల్లే చేశారని కోర్టు భావించాలని పన్నెండో సెక్షన్ చెబుతోంది. ‘బంధువులు వస్తున్నారు’ అన్న సాకును ఎదుర్కోవడానికి ఇది ఉపయోగం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణలు అప్పటి నుంచి ఆ చట్టం కిందా నేరాలే.

చిక్కులూ ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులం హోదా లేదు. మిషన్ల కాలం నుంచీ క్రైస్తవం బలంగా ఉన్న ఈ ప్రాంతంలో అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అతికిస్తారు. వేరే జిల్లాలో ఇచ్చినా శాశ్వత నివాసం ఉన్న జిల్లాకు నకలు పోతుంది. అంటే పారిపోయి ఇచ్చిన నోటీసు కూడా ఇంటికి చేరే దారి ఉంది. ఆ ముప్ఫై రోజులు ఎక్కడుండాలో ముందే చూసుకోవాలి. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి జంటలకు జిల్లా కేంద్రాల్లో రక్షణ గృహాలు ఏర్పాటు చేయడం గురించి ప్రభుత్వాలు ఆలోచించాలనీ, జిల్లాకొక ప్రత్యేక విభాగం, ఇరవై నాలుగు గంటల ఫోను ఉండాలనీ చెప్పింది. మీ జిల్లాలో అవి ఎక్కడున్నాయో ఎస్పీ ఆఫీసుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా అది ఉద్యమానికి పనికొచ్చే కాగితమే.

చోటు దొరకదు, తయారవుతుంది

ఈ నేలకు కులాంతర కాపురం కొత్తేమీ కాదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా తండ్రి యాదవ, తల్లి మాదిగ. ఆయన కూతురు హేమలత 1960లో గోరా కుమారుడు లవణంను పెళ్ళాడింది. అంతకు ముందే 1948లో గోరా తన కూతురు మనోరమకు దళితుడైన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశారు. వీళ్ళ వెనక ఒక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో మొదలై, 1947లో విజయవాడ పటమటకు మారిన నాస్తిక కేంద్రం. దండలు మార్పించి ఇంటికి పోయే సంఘం కాదది. మనుషులు కలిసి బతికే చోటు.

ఇంకో దారి కారంచేడు బాధితులు చూపించారు. వాళ్ళు తిరిగి ఊళ్ళోకి పోలేదు. చీరాలలో శిబిరం పెట్టుకున్నారు, పోరాడి అక్కడే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. ఆదరణా రక్షణా ఒకే చోట ఉండేలా చేసుకున్నవాళ్ళు వాళ్ళు. ఎవరి దయా కాదది.

అమెరికాలోనూ ఇదే అనుభవం. షికాగో పక్కనున్న ఓక్ పార్క్ అనే శివారు పట్నంలో నల్లవాళ్ళకు ఇళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు. 1968లో అక్కడి పౌరులు పట్టుబట్టి, ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష కూడదని స్థానిక శాసనం చేయించారు. 1972లో ఇళ్ళ కేంద్రం ఒకటి పెట్టి, ఎవరికి ఎక్కడ ఇల్లు ఖాళీగా ఉందో వాళ్ళే చూపించడం మొదలుపెట్టారు. తెల్ల నల్ల దంపతులకు అది మంచి చోటని ఇవాళ పేరుంటే, ఆ మంచితనం గాలిలో రాలేదు.

మన సంఘాలు ఈ పని ఎందుకు చెయ్యలేవు? గుంటూరు, ఒంగోలు, తెనాలి, చీరాలల్లో సొంత ఇళ్ళున్న దళిత ఉద్యోగులు, టీచర్లు, లాయర్లు వందల్లో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క వాటా ఇస్తామంటే చాలు, ఆ జాబితా సంఘం దగ్గర ఉంటే చాలు. పెళ్ళి చేయించే సంఘం ఏడాది పాటు ఇంటికి పూచీ పడాలి. అద్దె నిరాకరించిన ప్రతిసారీ తారీఖుతో సహా రాసిపెట్టాలి. ఇవేవీ లేకుండా ఇంకో జంటను వేదిక ఎక్కించే ముందు ఒక్క నిమిషం ఆగుదాం.

మేము తర్వాత ఇల్లు మారాం. పట్నంలోనే, దళితవాడ అంచున. ఫోటో గోడ మీద ఉంది. కోతలు అయిపోగానే అమ్మ వచ్చింది. వీధి మొదట్లో ఎవరో “ఎవరింటికమ్మా?” అని అడిగారట. పల్లె పేరు చెప్పి, మా పేరు చెప్పి వచ్చింది.