ఇంటి గాలిమర: లాభము, భద్రత

గాలి ఎవరి సొత్తును కాదు. వెలయిచ్చి కొనవలసినదియు కాదు. కనుక మేడమీద చిన్న గాలిమర నొకదానిని నిలిపినచో కరెంటు ఊరకే లభించునని తలచుట సహజము. ఇరుగుపొరుగువారి సందేహములును అంత సహజములే. అది విరిగి మీద పడదా? చప్పుడుతో నిద్ర చెడదా? పక్షులకు హాని కలుగదా? లాభమును, భయమును ఒక్కచోట నుంచి విచారింతము.

ఇంటి గాలిమరకు రేడియోతో పాత చుట్టరికము కలదు. 1930 తరువాతి సంవత్సరములలో, కరెంటు తీగలు చేరని అమెరికా పల్లెలలో, రైతులు విన్‌ఛార్జర్ వంటి చిన్న యంత్రములతో బ్యాటరీలను నింపుకొని రేడియో వినెడివారు. రెక్కలు మితిమీరి తిరుగకుండ వేగమును అదుపుచేయు రేకులు ఆనాడే ఆ యంత్రమున కమర్చబడెను.

ఆ అదుపు ఎందులకు? గాలి వేగము రెట్టింపైనచో అందలి శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. గంటకు 18 కిలోమీటర్ల పిల్లగాలి 180 కిలోమీటర్ల పెనుగాలి యైనచో శక్తి వేయి రెట్లు పెరుగును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపాను గాలి సుమారు అట్టిదే. మనకు కరెంటునిచ్చు గాలియే కోస్తా జిల్లాలలో ఒకనాడు ఇట్లు వచ్చునని మరువరాదు.

మామూలు దినములందును రెక్కల వేగము స్వల్పము కాదు. మూడు మీటర్ల వ్యాసముగల చక్రము నిమిషమునకు 300 సార్లు తిరిగినచో, రెక్క కొన గంటకు సుమారు 170 కిలోమీటర్ల వేగముతో పోవును. బ్యాటరీకి పోవు తీగ ఊడినచో, డైనమోకు పని తప్పి, రెక్కలు పగ్గము తెగిన ఎద్దువలె పరుగెత్తును. అందుచేత పెనుగాలిలో చక్రమును ప్రక్కకు త్రిప్పు తోక, ఆపివేయుటకు బ్రేకు, పిడుగుపాటునకు తగిన ఎర్తు తప్పక ఉండవలెను. స్తంభము నెత్తునపుడును, దించునపుడును దాని క్రింద ఎవ్వరును నిలువరాదు. స్టే తీగలను, మరలను ఏటేట పరీక్షింపవలెను.

ఇక స్థలము మాట. గోడలకు, పిట్టగోడలకు తగిలిన గాలి సుడులు తిరుగును. సుడిగాలిలో కరెంటు తక్కువ, అదురు ఎక్కువ. ఆ అదురు గోడలలోనికి దిగి ఇంటిలో మ్రోతయగును. 2007, 2008 సంవత్సరములలో ఇంగ్లండునందు భవనములపై నిలిపిన గాలిమరలను వార్విక్ పరిశీలనమున పరీక్షించిరి. ఆపియుంచిన కాలమును కూడ కలిపి లెక్కింపగా, ఒక్కొక్కటి దినమునకు సగటున 214 వాట్ గంటలనే ఇచ్చెను. అది 40 వాట్ల దీపము అయిదు గంటలు వెలుగుటకు చాలును. కొన్నిటిని ఇరుగుపొరుగువారు చప్పుడు భరింపలేకపోవుటచే ఆపవలసివచ్చెను.

జీవరాసుల విషయమున మరియొక జాగ్రత్త. బ్రిటనులో చిన్న గాలిమరలను పరిశీలించి 2012లో ప్రకటించిన పరిశోధనమున, తిరుగుచున్న యంత్రమునకు మిక్కిలి చేరువలో గబ్బిలముల సంచారము తగ్గినట్లు తేలెను. పురుగులను తినుచు మనకు మేలుచేయు ప్రాణులవి. కనుక చెట్లవరుసకును, గబ్బిలములు మసలు చోటులకును దూరముగా నిలుపుట ధర్మము.

చెట్లకు, ఇండ్లకు దూరమైన ఆ స్థలమే గాలికిని అనువైనది. చుట్టుప్రక్కల 150 మీటర్లలోని ఇండ్లకంటెను, చెట్లకంటెను రెక్కలు తొమ్మిది మీటర్లయినను ఎత్తున నుండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. స్తంభము పొడవును మించిన దూరములో ఇల్లుగాని, బాటగాని, కరెంటు తీగగాని ఉన్నచో, అది కూలినను ప్రాణాపాయముండదు. అట్టి చోట మంచి గాలి దొరకును; చప్పుడును ఇల్లు చేరునప్పటికి సన్నగిల్లును. భద్రతకై వెచ్చించిన దూరము కరెంటు రూపమున తిరిగివచ్చునన్నమాట.

పొలమున విశాలమైన మెరక గలవారు గాలిమరను గూర్చి ఆలోచింపవచ్చును. ఇరుకు వీధిలో మేడ మాత్రమే గలవారు ఆ చోటును సూర్యరశ్మితో కరెంటునిచ్చు పలకలకు విడుచుట మేలు.