ట్రాక్ ఎక్కే ముందు బ్రేక్ ఆయిల్ మార్చారా?

శ్రీపెరుంబుదూరు దగ్గరి రేస్ ట్రాక్‌కి సొంత కారేసుకుని వెళ్దామని ఆఫీసులో ఎవరన్నా అంటే నేనడిగేది ఒకటే: బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లైంది? అందరూ టైర్లు, ఎగ్జాస్ట్ గురించే చెప్తారు. కారు ఆగాలి కదా బాస్!

వేగం 60 నుంచి 120కి పెరిగితే, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. అదంతా వేడే. రోడ్డు మీద అది చల్లారడానికి టైముంటుంది. ట్రాక్‌లో మలుపు మలుపుకీ తొక్కాల్సిందే. పైగా బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగిందా, లోపల ఆవిరి బుడగలే. ఆయిల్ నొక్కినా కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. పెడల్ కిందిదాకా వెళ్లిపోతుంది, కారు మాత్రం ఆగదు.

అందుకే వారం ముందే కొత్త ఆయిల్ పోయించి, పైపుల్లో గాలి పూర్తిగా తీయిస్తా. డిస్కులకు పగుళ్లున్నాయేమో చూస్తా. ప్యాడ్లు సగానికి అరిగితే మార్చేస్తా. ‘ఇంకో ఆర్నెల్లు వస్తాయి సార్’ అంటాడు మెకానిక్. అది సిటీ లెక్క!

చివరి ల్యాప్ మాత్రం బ్రేక్ పెద్దగా తొక్కకుండా నెమ్మదిగా తిప్పండి. ఆపాక వేడి మీద హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు. గేర్‌లో వదిలేసి, చక్రం కింద ఓ రాయి పెట్టండి.