కంప్యూటర్ చదువులో నీతి: ఎవరి నీతి?

కంప్యూటర్ సైన్సు పిల్లలకు నీతి పాఠం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఉన్న పాఠం చాలదని మేం అంటున్నాం. ఏఐసీటీఈ 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికతో ఇంజనీరింగ్ కాలేజీల్లోకి 'సార్వజనీన మానవ విలువలు' వచ్చాయి. మనిషి లోపల, కుటుంబంలో, సమాజంలో, ప్రకృతిలో సామరస్యం ఉండాలని అందులో చెబుతారు. మంచిదే. కానీ ఊరికీ గేరికీ మధ్య అది ఎందుకు లేదో అడగకుండా సామరస్యం గురించి చెబితే అవి ఉత్త సుద్దులే అవుతాయి.

నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీలకు ఆళ్లగడ్డ నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ పిల్లలు వస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మాల మాదిగ గేర్ల నుంచి కూడా, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు వస్తున్నారు. రేపు వీళ్లు రాసే ప్రోగ్రాము ఎవరి బియ్యం ఆపుతుందో తెలుసుకోవడమే అసలు నీతి పాఠం.

దీనికి ఉదాహరణ పక్క రాష్ట్రంలోనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను తయారు చేసింది. అది రకరకాల శాఖల జాబితాలను కలిపి, పేరూ చిరునామా వంటివి పోల్చి, ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషని తేలుస్తుంది. రేషన్ కార్డుల ఏరివేతలో దాన్ని వాడారు. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడికి కారుందని లెక్క తేలిన సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది. ఆ కారు దాదాపు అదే పేరున్న వేరే మనిషిది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

దీన్ని క్లాసులో ఎలా చెప్పాలి? హుసేనమ్మ, వెంకటసుబ్బయ్య లాంటి పది పేర్లు పిల్లల చేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయించండి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఇప్పుడు అడగండి: ఎన్ని అక్షరాలు కలిస్తే ఒకే మనిషి? నూటికి ఎనభయ్యా, తొంభై అయిదా? ఆ అంకె ఎవరో ఒకరు కూర్చుని వేసిందే. తప్పు రెండు రకాలుగా జరుగుతుంది: ఉన్నవాడికి కార్డు ఉండిపోవచ్చు, లేనివాడి కార్డు పోవచ్చు. రెండూ తప్పులే, కానీ రెండింటి బరువూ ఒకటి కాదు. మొదటి దానికి ఖజానా కొంత నష్టపోతుంది. రెండో దానికి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. ఏ తప్పును ఎక్కువ ఓర్చుకోవాలో గణితం చెప్పదు, మనిషే చెప్పాలి.

వేలిముద్ర సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లో 2015లో ఈ-పాస్ యంత్రాలు మొదలయ్యాయి. ఆళ్లగడ్డ శిల్పుల చేతులూ, బేతంచెర్ల నాపరాయి కూలీల చేతులూ రాతితో అరిగిన చేతులు. యంత్రం 'కలవలేదు' అంటే తప్పు వేలిదే అంటారు. ఆ యంత్రాన్ని ఎవరి వేళ్లను దృష్టిలో పెట్టుకుని చేశారని ఎవరూ అడగరు.

"ప్రోగ్రాములో కులం అనే గడి లేదు కదా?" అంటారు. గడి లేకపోతేనేం? ఇంటిపేరుంది, వీధి పేరుంది, తండ్రి పనుంది. కులాన్ని పట్టడానికి మన ఊళ్లో ఇంతకన్నా ఏం కావాలి?

ఆఫీసులోనూ కులం పోదు. దళిత ఇంజనీరు పట్ల వివక్ష చూపారని 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఇద్దరు మేనేజర్ల మీద ఆరోపణలను 2023లో ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కేసు నడిపింది. కంప్యూటర్ వృత్తివాళ్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎం 2018లో సవరించిన నీతి నియమావళిలో జాతి, మతం, లింగం పేర్లున్నాయి. కులం పేరు లేదు, 'మరే ఇతర కారణం' అనే మాటలో కలిసిపోయింది. నంద్యాల క్లాసులో ఆ పేరు పైకి చెప్పి తీరాలి.

అధ్యాపక మిత్రులకు మా సూచన ఒకటే. నీతికి వేరే పీరియడ్ పెట్టి చేతులు దులుపుకోవద్దు. డేటాబేస్ ల్యాబులోనే, ప్రాజెక్టు మార్కుల్లోనే మూడు ప్రశ్నలు పెట్టండి: ఈ ప్రోగ్రాము తప్పు చేస్తే నష్టపోయేదెవరు? పేరు పోయినవాళ్లకు ఆ సంగతి ముందే తెలుస్తుందా? వాళ్లు ఎవరి దగ్గరికి పోయి అడగాలి? ఈ మూడింటికీ జవాబు రాయని ప్రాజెక్టు, ఎంత బాగా నడిచినా, సగం ప్రాజెక్టే.