తూటా దూసుకెళ్తే గొప్పా? లోపల ఆగితే గొప్పా?

ఖాజాగూడలో మా ఫ్లాట్‌లో నలుగురం ఐటీ వాళ్లం. మొబైల్ గేముల పుణ్యమా అని తుపాకుల పేర్లన్నీ నోటికొచ్చు. తూటా గురించి అడిగితే మాత్రం ఒకటే జవాబు: “ఎంత స్పీడైతే అంత పవర్!” వేటలో లెక్క అది కాదు బాస్.

నాకు ఈ గోల ఎందుకంటే, మా ఊళ్లో అడవిపందులు మక్కచేనును పాడుచేస్తున్నాయి. షూటర్‌ను పిలిపిద్దామని నాన్న అంటున్నారు. సరే, తూటాల సంగతి చదివాను.

ఫుల్ మెటల్ జాకెట్ తూటాకు సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉంటుంది. చాలాసార్లు ఒంట్లోంచి సూటిగా అవతలికి పోతుంది. గాయం సన్నగా ఉండి, పంది పారిపోయి పొదల్లో గంటలకొద్దీ విలవిల్లాడొచ్చు. అవతల మనిషుంటే? ఇంకేముంది!

సాఫ్ట్ పాయింట్‌కు కొన దగ్గర తొడుగుండదు. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని, తన శక్తిలో ఎక్కువ భాగం లోపలే ఖర్చు చేస్తుంది. హాలో పాయింట్‌కు కొనలో గుంత ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా విచ్చుకుంటుంది. కానీ మగపంది భుజం మీద కవచంలాంటి మందపాటి పొర ఉంటుంది. పలచటి తూటా అక్కడే ముక్కలైతే లోతుకు పోదు. అందుకే సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకాలూ, పూర్తిగా రాగితో చేసినవీ వచ్చాయి.

విచిత్రం చూడండి. విచ్చుకునే తూటాకు పేరొచ్చింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం నుంచే. సైనికుడికి అనవసరమైన బాధ అని 1899 హేగ్ ప్రకటన దాన్ని యుద్ధంలో వద్దంది. వేటలో అదే తూటా దయ. జంతువు త్వరగా ప్రాణం విడుస్తుంది.

సీసంతో ఇంకో చిక్కుంది. దాని సన్నటి తునకలు మాంసంలో ఉండిపోతాయి. ఆ కళేబరాలు తిని అమెరికాలో కాండోర్ రాబందులు చచ్చిపోయాయి. 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసం తూటాలు పూర్తిగా బంద్. మనకూ బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపించాయి కదా!

ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. పంట తినే పందిని కాల్చాలన్నా అధికారిక అనుమతి ఉండాల్సిందే. ఆగలేక చేను చుట్టూ కరెంటు తీగలు కట్టేస్తే పందులే కాదు, మనుషులూ పోతున్నారు.

అనుమతితో షూటర్ వస్తే గన్ చూసి మురిసిపోకండి. “అన్నా, ఏ తూటా తెచ్చినవ్?” అని అడగండి.