మొదట మజిలీ, తరువాత దారి: బెంగళూరు నుంచి నీలగిరికి చలికాలపు క్యారవాన్ ప్రయాణం

సినిమా చిత్రీకరణల పుణ్యమా అని క్యారవాన్ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. తారలు సేదదీరే ఆ వాహనమే నేడు పడకలు, చిన్న వంటగట్టు, నీటితొట్టి, శౌచాలయం అమర్చుకొని సామాన్య కుటుంబాలకు కూడా అద్దెకు దొరుకుతున్నది. వానలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, అడవి ఇంకా పూర్తిగా ఎండిపోని డిసెంబరు, జనవరి నెలలు ఇటువంటి యాత్రకు అనువైన కాలం. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ సెలవులలో మైసూరు, బండీపుర, ముదుమలై మీదుగా ఊటీ చేరే దారిని ఎంచుకోవడం సహజం.

ఈ ప్రయాణాన్ని గురించి ఒక అపోహ బలంగా ఉన్నది. ఇల్లే చక్రాల మీద ఉన్నది గనుక, ఎక్కడ చీకటి పడితే అక్కడ బండి నిలిపి నిద్రించవచ్చునన్నది ఆ అపోహ. అమెరికా ఉద్యానాలలో తీసిన దృశ్యాలు దీనికి కొంత కారణం. అక్కడ అనేక ప్రభుత్వ ఉద్యానాలలో ఇటువంటి వాహనాలకు సంఖ్యలు వేసిన స్థలాలు ఉంటాయి, కొన్నింట విద్యుత్తు, నీరు కూడా బండి దగ్గరకే అందుతాయి. మన అడవులలో అట్టి ఏర్పాటును ఊహించుకొని బయలుదేరరాదు. నిజానికి మన పెద్దలు గూడుబండి కట్టుకొని తిరునాళ్ళకు వెళ్ళిన రోజులలో సైతం చీకటి పడిన చోట ఆగలేదు. చెరువు, సత్రం, మనుషుల అలికిడి ఉన్న ఊరు చూసుకొని మజిలీ నిర్ణయించుకొని, ఆ మజిలీకి పొద్దుండగా చేరేటట్లు ఎడ్లను తోలేవారు. క్యారవాన్ ప్రయాణానికి కూడా పద్ధతి అదే. రాత్రి ఎక్కడ గడపాలో తేలిన తరువాతనే పగలు ఏ దారిన నడవాలో నిర్ణయించుకోవాలి.

ఇందులో మాటల తికమక కూడా కొంత ఉన్నది. వాడుకలో వార్డులోని పిల్లల ఆటస్థలమూ పార్కే, బండీపుర జాతీయ ఉద్యానమూ పార్కే. మొదటిది పురపాలక సంస్థ నిర్వహించే స్థలం. రాత్రి వేళ దాని ద్వారం మూసివేస్తారు, అంతకు మించిన చిక్కు లేదు. రెండవది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనిది. ఆ చట్టం ప్రకారం అభయారణ్యంలోకైనా, జాతీయ ఉద్యానంలోకైనా అనుమతిపత్రం లేకుండా ప్రవేశించరాదు; పర్యాటకం నిమిత్తం ఆ అనుమతి ఇచ్చే అధికారం అటవీ అధికారులది. లోపల నిప్పు పెట్టడం, జంతువులను రెచ్చగొట్టడం, చెత్త పారవేయడం నేరాలు. అడవి గుండా వెళ్ళే జాతీయ రహదారి మీద ప్రయాణానికి విడిగా అనుమతిపత్రం అక్కరలేదు గాని, ఆ దారి అంచున బండి ఆపి వంట మొదలుపెట్టడం మాత్రం ఆ హక్కులోకి రాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది రాత్రి నిషేధం. గుండ్లుపేట దాటిన తరువాత దారి రెండుగా చీలుతుంది. ఒకటి వయనాడు వైపు, మరొకటి ముదుమలై, గూడలూరు వైపు. రెండూ బండీపుర పులుల అభయారణ్యం గుండానే సాగుతాయి. ఈ రెండు దారులలోనూ 2009 నుంచి రాత్రి 9 గంటల మొదలు ఉదయం 6 గంటల వరకు వాహనాల రాకపోకలు నిషిద్ధం. రాత్రివేళ వాహనాల కింద పడి జంతువులు మరణిస్తుండడమే ఈ నిర్ణయానికి కారణం. కర్ణాటక ఉన్నత న్యాయస్థానం 2010లో దీనిని సమర్థించింది. అంబులెన్సులకు, పరిమిత సంఖ్యలో బస్సులకు మాత్రమే మినహాయింపు ఉన్నది. నాగరహొళె అడవి గుండా మానందవాడి వెళ్ళే దారిలో ఆంక్ష ఇంకా ముందుగా, సాయంత్రం 6 గంటలకే మొదలవుతుంది. దిక్సూచి పటాలు చూపే సమయం ఈ ద్వారాలను లెక్కలోకి తీసుకొని చెప్పినది కావచ్చు, కాకపోవచ్చు. దానిని నమ్ముకొనడం మంచిది కాదు.

బెంగళూరు నుంచి మైసూరుకు సుమారు 145 కిలోమీటర్లు, అక్కడి నుంచి గుండ్లుపేటకు మరో 60. కాగితం మీద ఇది సులభంగా కనబడుతుంది. శనివారం మధ్యాహ్నం పని ముగించుకొని, సామాను సర్దుకొని, నగరం దాటేసరికే సాయంత్రం కావచ్చు. మైసూరు దగ్గర భోజనానికి ఆగితే ద్వారం మూసే వేళకు ఇంకా దారిలోనే ఉంటారు. అప్పుడు వేగం పెంచడమా, చెక్‌పోస్టు ముందు లారీల వరుసలో బండి నిలిపి పడుకోవడమా అన్న రెండు చెడ్డ మార్గాలే మిగులుతాయి. మొదటి రాత్రి మజిలీని మైసూరులోనో, ఆలస్యమైతే గుండ్లుపేట ఊరిలోనో ముందుగానే నిశ్చయించుకొన్నవారికి ఈ సంకటం ఉండదు.

మజిలీ అంటే ఎటువంటి చోటు? క్యారవాన్ల కోసమే ఏర్పడిన స్థలాలు దక్షిణాదిన ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో ఇందుకొక విధానాన్నే ప్రకటించింది. ఈ దారిలో మాత్రం ఆచరణకు వీలైనది పర్యాటక సంస్థల హోటళ్ళు, వసతి గృహాలు, అతిథి గృహాల ఆవరణలోనే బండి నిలుపుకొనడం. ఇందుకు యజమాని అనుమతి ముందుగా, వీలైతే లిఖితంగా తీసుకోవాలి. ప్రవేశద్వారం ఎత్తు ఎంత, పొడవైన బండి మళ్ళడానికి చోటు ఉన్నదా, బండికి తగిన విద్యుత్ సాకెట్టు ఇస్తారా, నీరు పట్టుకోవచ్చునా, శౌచాలయపు తొట్టిని ఎక్కడ ఖాళీ చేయాలి అన్న ప్రశ్నలు ఫోనులోనే అడిగివేయడం మేలు. అడవి అంచున ఉన్న బసలైతే వాటికి అనుమతులు ఉన్నాయో లేదో కూడా విచారించాలి. మసినగుడి పరిసరాలలోని ఏనుగుల సంచార మార్గంలో నిర్మించిన విడిదిగృహాల విషయమై మద్రాసు ఉన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పును 2020లో సర్వోన్నత న్యాయస్థానం సమర్థించింది. ముందుగా సొమ్ము కట్టిన తరువాత ఆ విడిది మూతపడి ఉన్నదని తెలిస్తే పిల్లలతో, వృద్ధులతో మరో చోటు వెదకడం కష్టం.

మజిలీలు స్థిరపడితే పగటి ప్రయాణం తీరికగా సాగుతుంది. మద్దూరు సమీపంలోని కొక్కరె బెళ్ళూరు ఈ కాలంలో తప్పక ఆగదగిన ఊరు. కన్నడ ‘కొక్కరె’ తెలుగు ‘కొక్కెర’కు తోబుట్టువే. ఊరి నడుమ చింతచెట్ల మీద గూడబాతులు, గులాబీ ఛాయ రెక్కల పెద్ద కొంగలు గూళ్ళు కట్టుకొంటాయి. గ్రామస్థులు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూసుకొంటారు. హిందూపురం వైపు వీరాపురం చూసినవారికి ఈ దృశ్యం పరిచయమైనదే. శ్రీరంగపట్టణం దగ్గర రంగనతిట్టు పక్షిధామం 1940 నుంచి రక్షణలో ఉన్నది. మైసూరు జంతుప్రదర్శనశాలకు మంగళవారం సెలవు. బండీపురలో సఫారీ అటవీ శాఖ, ప్రభుత్వ విడిది సంస్థల వాహనాలలోనే. సొంత బండిని లోపలికి అనుమతించరు. పులులు ఊళ్ళ మీదికి వచ్చినప్పుడో, కార్చిచ్చు భయం ఉన్నప్పుడో సఫారీలను నిలిపివేయడం కూడా జరుగుతుంది గనుక బయలుదేరే ముందు రోజు విచారించుకోవాలి.

అడవి దారిలో బండి ఆపకూడదు, దిగకూడదు. కోతికి అరటిపండు, లేడికి బిస్కట్టు ఇవ్వడం దయ అనిపించవచ్చు గాని, ఆ రుచి మరిగిన జంతువు రోడ్డు వదలదు. చామరాజనగర నుంచి సత్యమంగళం వెళ్ళే దారిలో చెరకు లారీల కోసం ఏనుగులు కాచుకొని నిలిచే స్థితి అలవాటు వల్ల వచ్చినదే. వంటగది మోసుకొని వెళ్ళే బండికి ఈ హెచ్చరిక మరింత అవసరం: పండ్లు, చెరకు, బెల్లం కిటికీల దగ్గర ఉంచరాదు. ఏనుగు ఎదురైతే దూరంగానే నిలిపి, హారను మోగించకుండా, అది దారి ఇచ్చే వరకు వేచి ఉండాలి.

ముదుమలైలో ప్రవేశించగానే నీలగిరి నియమాలు మొదలవుతాయి. 2024 మే 7 నుంచి, మద్రాసు ఉన్నత న్యాయస్థానం ఆదేశం మేరకు, బయటి నుంచి వచ్చే వాహనాలు ముందుగా అంతర్జాలంలో ఈ-పాస్ తీసుకోవాలి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ నీటి సీసాలకు జిల్లాలో అనుమతి లేదు. స్టీలు బిందెలు, చెంబులు వెంట ఉంచుకొన్నవారికి చెక్‌పోస్టులో జాప్యం తగ్గుతుంది. తెప్పక్కాడు నుంచి మసినగుడి, కల్లట్టి మీదుగా ఊటీకి దగ్గరి దారి ఉన్నది గాని, 36 తీవ్రమైన మలుపుల ఆ ఘాటు క్యారవాన్లకు తగదు. గూడలూరు మీదుగా చుట్టు తిరిగినా క్షేమంగా చేరవచ్చు.

ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని ఉదయాలు పచ్చికబయళ్ళ మీద మంచు గడ్డకట్టి తెల్లని దుప్పటి పరచినట్లు కనబడుతుంది. చూడడానికి ముచ్చటైన ఆ చలి, రేకు గోడల బండిలో నిద్రించేవారికి ముచ్చట కాదు. బెంగళూరు చలికి కొన్న శాలువలు అక్కడ చాలవు. ఆ స్థితిలోనే అత్యంత ప్రమాదకరమైన పొరపాటు జరుగుతుంది. బయట వండుకొన్న బొగ్గుల కుంపటిని, ఇంకా వేడిగా ఉన్నది గదా అని, లోపలికి తెచ్చి తలుపులు బిగించుకొంటారు. కొందరు గ్యాసు పొయ్యిని సన్నగా వెలిగించి ఉంచుతారు. బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. గాలి చాలనప్పుడు గ్యాసు మంట నుంచి కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడని బాధ కూడా ముందుగా తెలియదు. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వికారం, మత్తు కలుగుతాయి. నిద్రించేవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. క్యారవాన్ వంటి చిన్న గదిలో ఇది త్వరగా పేరుకొంటుంది. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గు ప్రమాదరహితమని భావించడం సరికాదు. పొగ కనబడకున్నా వాయువు ఉంటుంది.

కాబట్టి బండి లోపల కుంపటి ఏ రూపంలోనూ ఉండరాదు. నిద్రకు ముందు గ్యాసు సిలిండరు కవాటం మూసివేయాలి. వెచ్చదనం కోసం రాత్రంతా ఇంజిను నడపడం, కిటికీ పక్కన జనరేటరు ఉంచడం కూడా ఇదే ప్రమాదానికి దారి తీస్తాయి. ఎంత చలిగా ఉన్నా గాలి ఆడే రంధ్రాలను గుడ్డలతో మూయరాదు. ఒక కిటికీ వేలెడు తెరచి ఉంచితే మేలు. ఈ వాయువును కనిపెట్టి మోగే చిన్న పరికరం బండిలో ఉన్నదో లేదో అద్దెకు తీసుకొనేటప్పుడే అడగాలి, లేకుంటే కొనుక్కోవాలి. చలికి మందు ఉన్ని దుస్తులు, దళసరి రగ్గులు, వేడినీటి సంచులు. ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను ఊటీలో ఆ ఒక్క రాత్రి బండిలో కాక హోటలు గదిలో పడుకోబెట్టడం ఉత్తమం. యాత్ర ముచ్చటకు దాని వల్ల వచ్చే లోటేమీ లేదు. ఎవరికైనా తలనొప్పి, మగతగా ఉంటే వెంటనే అందరూ బయటికి వచ్చి 112కు ఫోను చేయాలి.

పత్రాల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. అద్దె బండికి వాణిజ్య నమోదు ఫలకం ఉండాలి: డ్రైవరుతో వచ్చేదైతే పసుపు మీద నల్లని అక్షరాలు, స్వయంగా నడిపేదైతే నలుపు మీద పసుపు అక్షరాలు. తెల్లని ఫలకం ఉన్న సొంత బండిని అద్దెకిస్తే ప్రమాదవేళ బీమా చిక్కులు తప్పవు. తమిళనాడులో నడిపేందుకు అనుమతి, పన్ను చెల్లింపు రసీదు యజమాని దగ్గర అడిగి చూడాలి. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది.

దారిపొడవునా హెచ్చరిక ఫలకాలు ఎదురవుతాయి. కన్నడ లిపి తెలుగుకు దగ్గరిది గనుక ‘అరణ్య ఇలాఖె’ అంటే అటవీ శాఖ అనీ, ‘నిషేధిసలాగిదె’ అంటే నిషేధించడమైనది అనీ పోల్చుకోవచ్చు. తమిళ లిపి రానివారు మాత్రం ముదుమలై తరువాత ‘వనత్తుఱై’, ‘తడై’ అనే రెండు మాటల రూపాన్ని ఫోనులో భద్రపరచుకొంటే ఉపకరిస్తుంది. మొదటిది అటవీ శాఖ, రెండవది నిషేధం.

నిప్పు గురించి మరొక మాట. సంక్రాంతి దాటిన నాటి నుంచి ఆకులు రాలి అడవి నేల ఎండుతుంది. 2019 ఫిబ్రవరిలో బండీపురలో కార్చిచ్చు వేల ఎకరాలను దహించింది. భోగిమంట వంటి శిబిరాగ్నిని విడిది యజమాని ఏర్పాటు చేసినా, అడవి అంచున అయితే వద్దనడమే పౌరధర్మం.

తిరుగు ప్రయాణానికి కూడా 9 గంటల ద్వారమే కొలమానం. ఆదివారం ఊటీలో చీకటి పడేవరకు ఉండి బయలుదేరితే ఘాటు దిగి, గూడలూరు దాటి, అడవి ముఖానికి చేరేసరికి ద్వారం మూసి ఉండవచ్చు. మధ్యాహ్న భోజనం కాగానే కదలాలి. మూడు రోజుల తడి చెత్త, పొడి చెత్త వేరువేరు సంచులలో నగరానికే తేవాలి. మరునాటి ఉదయం వార్డులోకి వచ్చే చెత్తబండికి అందజేయాలి. శౌచాలయపు తొట్టిని వాననీటి కాలువలోనో, చెరువు గట్టునో ఒంపరాదు. అది చేరవలసినది భూగర్భ మురుగు కాలువకు కలిపిన మరుగుదొడ్డికే. బండిని అప్పగించే ముందు ఆ పని ఎవరిదో అద్దె ఒప్పందంలోనే రాసుకోవాలి.