సరళాదేశ సంధి ఆధారంగా ఆంగ్ల భూతకాల ప్రత్యయ ఉచ్చారణ

తెలుగు అజంత భాష. 'మొయినాబాద్' సైతం విభక్తి చేరగానే 'మొయినాబాదుకు' అవుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల తెలుగు విద్యార్థి 'వాక్ట్' అనవలసిన చోట 'వాకెడ్' అనడానికి ఈ అలవాటుతో పాటు, వర్ణక్రమాన్ని చూసి చదవడమూ కారణమే. చివరి హల్లును వదిలేస్తే నష్టం మరింత ఎక్కువ. 'వాక్' అనగానే నిన్నటి పని నేటిదవుతుంది.

దీనికి ఉపాయం విద్యార్థి పాఠశాలలో నేర్చిన తెలుగు వ్యాకరణంలోనే ఉంది. 'పూచెను + కలువలు = పూచెఁగలువలు' అన్నప్పుడు ద్రుత నకారపు నాదం వల్ల తరువాతి పరుషం సరళమవుతుంది. ఆంగ్లంలోనూ ముందున్న ధ్వనే తరువాతి దానిని మారుస్తుంది, కాని ఫలితం విలోమం. క, ప, చ, స, ష, ఫ వంటి శ్వాసధ్వనుల తరువాత ప్రత్యయ డకారం టకారమవుతుంది: 'హెల్ప్ట్'. నాదధ్వనుల తరువాత డకారమే నిలుస్తుంది: 'బెగ్డ్', 'ప్లేడ్'. ట, డల తరువాత మాత్రమే అచ్చు వస్తుంది: 'వాంటిడ్'. అందువల్ల అభ్యాసాన్ని తెలుగు నోటికి సులువైన 'వాంటిడ్'తో కాక, కంఠంపై వేలుంచి నాదాన్ని గుర్తిస్తూ 'హెల్ప్ట్', 'బెగ్డ్' జంటతో ఆరంభించాలి.