అమర్చి యిచ్చు కంప్యూటర్లు – అమ్మినవాని బాధ్యత

మన హోసూరు ప్రాంతమున ఉన్నత పాఠశాల చదువు ముగించిన బిడ్డలుగల గృహములలో నేడు కంప్యూటరు మాట తరచుగా వినబడుచున్నది. పెద్ద సంస్థ ముద్రగల యంత్రమును కొనుటయా, లేక విడిభాగములు తెప్పించి అంగడిలో అమర్పించుకొనుటయా యని తల్లిదండ్రులు మమ్ము నడుగుచుందురు. మేము తెలుగు బోధించువారమేగాని యంత్రవేత్తలము కాము. అయినను బిల్లులను, హామీ పత్రములను చదివి యర్థము చెప్పుమని తెచ్చువారు పెక్కుమంది యగుటచే, ఈ విషయమును శ్రద్ధతో తెలిసికొనవలసి వచ్చినది. తెలిసికొన్నదానిని విద్యార్థులకొరకు ఇచట వ్రాయుచున్నాము.

విడిభాగములనుండి కంప్యూటరును కూర్చుట యను వ్యాపారమునకు మూలము 1981లో నున్నది. ఆ యేడు ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. అందలి ముఖ్యభాగములు ఇతరుల యొద్ద కొన్నవి; నిర్మాణ వివరములును రహస్యముగా నుంచబడలేదు. కావున అటువంటి యంత్రమును ఇతరులును చేయగలిగిరి. 1984లో మైకేల్ డెల్ అను టెక్సస్ విద్యార్థి తన విద్యార్థి వసతిగృహపు గదినుండియే ఈ వ్యాపారము మొదలుపెట్టెను. మనకు దగ్గరలో బెంగళూరు సదర్ పత్రప్ప రోడ్డు, దూరమున చెన్నై రిచ్చీ వీధి, తెలుగునాట సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇట్టి వర్తకమునకు పేరుపొందిన చోట్లు.

ముద్రగల యంత్రమును కొన్నవానికి హామీ యొక్కటే, సంస్థయు నొక్కటే. అమర్చిన యంత్రము అట్టిది కాదు. ప్రాసెసరునకు ఒకరి హామీ, మదర్ బోర్డునకు వేరొకరిది, పవర్ సప్లైకి మరియొకరిది. కాలములును వేరు. పెట్టెలో వచ్చు ప్రాసెసరునకు ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు సాధారణముగా 3 సంవత్సరముల హామీ నిచ్చును. పెట్టె లేక పళ్లెములలో వచ్చు సరకు కూడ అంగళ్లలో దొరకును. దానిని ‘ట్రే’ ప్రాసెసరందురు. దానికి తయారుచేసినవారు కొనుగోలుదారునకు నేరుగా హామీ నీయరు, అమ్మినవానినే యడుగవలెను. ధర కొంత తక్కువ యగుటకు ఇదియు నొక కారణము. అమ్ము నపుడే ఈ భేదమును చెప్పువాడు మంచి వర్తకుడు. ఎస్.ఎస్.డి. హామీ మరియొక రకము. సామ్‌సంగ్ 870 ఈవో 1 టి.బి. డ్రైవునకు 5 సంవత్సరములు లేదా 600 టి.బి. వ్రాత, ఏది ముందు పూర్తియైన నంతటితో హామీ ముగియును.

యంత్రము తెర వెలుగక నిలిచిపోయిన దనుకొనుడు. చెడినది మెమరీయా, పవర్ సప్లైయా, బోర్డా? పరీక్షకు వేరు భాగములు లేని గృహస్థుడు దీనిని తేల్చలేడు. ఒక్కొక్క భాగమును మార్చి చూచి, దోషమును పట్టి, ఆ భాగమును సంస్థయొక్క సర్వీసు కేంద్రమునకు పంపి తిరిగి తెప్పించుట అమర్చినవాని పని. మనము అతనికిచ్చు కూలి స్క్రూలు బిగించినందుకే కాదు, ఈ పనికి గూడ అని మా యభిప్రాయము. కొనుటకు ముందే యొక ప్రశ్న యడుగవలెను: “భాగము చెడినచో మీరే పంపెదరా, మేము పంపుకొనవలెనా?” సూటిగా సమాధానము చెప్పని చోట ధర యెంత తక్కువయైనను తొందరపడరాదు.

ఎలక్ట్రానిక్ వస్తువులలో చెడునవి చాలవరకు మొదటి రోజులలోనే చెడును. ఆ గండము గడచినవి పెక్కేండ్లు పనిచేయును. ముదిరిన పిమ్మట మరల చెడుట హెచ్చగును. నిదానము తెలిసిన అంగడివాడు అందుచేతనే యంత్రమును వెంటనే చేతికీయక, ఒక రాత్రియైనను భారము పెట్టి నడపి చూచును. మెమరీని మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షతో కొన్ని గంటలు శోధించును. ఆ పరీక్ష జరిగినదా యని అడుగుటలో మొగమాట మక్కరలేదు.

అమర్చువారు ఖర్చు తగ్గింపదలచినపుడు మొదట చేయివేయునది పవర్ సప్లై మీదనే. ఏలయన కొనువారు ప్రాసెసరు పేరును, మెమరీ పరిమాణమును అడుగుదురు గాని దీని నడుగరు. పెట్టెమీద ‘80 ప్లస్’ గుర్తు చూపి “ఇది గట్టిది” యని చెప్పువారు గలరు. 2004లో మొదలైన ఆ గుర్తు సామర్థ్యమును మాత్రమే తెలుపును; గోడనుండి తీసికొన్న విద్యుత్తులో కనీసము నూటికి 80 పాళ్లు యంత్రమునకు చేరునని దాని యర్థము. మన్నిక గురించి గాని, వోల్టేజి హెచ్చినపుడు రక్షణ గురించి గాని అది యేమియు చెప్పదు. హామీ యెన్ని సంవత్సరములో చూచుట ఇంతకంటె నుపయోగకరము.

అంగడివానిది కాని దోషమును అతనిపై వేయుటయు కలదు. క్యాబినెట్‌ను తాకిన చేయి జిల్లుమనుచున్నదని యంత్రమును మోసికొని పోవుదురు; అంగడిలో అది జిల్లుమనదు. కారణము ఇంటి ఎర్తింగు. పవర్ సప్లైలో విద్యుత్ తీగలనుండి లోహపు పెట్టెకు కలిపిన చిన్న కెపాసిటర్లుండును. ఎర్తు తీగ లేనిచోట వానివలన పెట్టె సుమారు సగము వోల్టేజికి, అనగా 115 వోల్టుల వరకు చేరవచ్చును. ప్రవహించు విద్యుత్తు మిక్కిలి స్వల్పమగుటచే జిల్లుమని యూరుకొనును. అయినను దానిని ఉపేక్షింపరాదు; ఎలక్ట్రీషియనును పిలిచి మూడవ రంధ్రమునకు ఎర్తు ఉన్నదో లేదో చూపవలెను. మా ప్రాంతపు పాత యిండ్లలో మూడు రంధ్రములున్నను మూడవదానికి తీగ లేని సాకెట్లు కలవు.

చిన్న యంగడివారే తప్పు చేయుదురనుకొనుట న్యాయము కాదు. ఎన్.జడ్.ఎక్స్.టి. అను అమెరికా సంస్థవారి హెచ్1 అను క్యాబినెట్‌లో గ్రాఫిక్సు కార్డును కలుపు పలకను బిగించిన లోహపు స్క్రూలవలన షార్టు సర్క్యూటు జరిగి నిప్పంటుకొను ప్రమాదమున్నట్లు 2020లో బయటపడెను. మొదట ఆ సంస్థ నైలాన్ స్క్రూలు పంపి సరిపెట్టజూచినది. దోషము ఆ పలకలోనే యున్నందున విమర్శ వచ్చి, 2021 ఫిబ్రవరిలో అమెరికాలో సుమారు 32 వేల క్యాబినెట్లను రీకాల్ చేసిరి. ఇంటెల్ వారి 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని హెచ్చు వోల్టేజివలన క్రమముగా చెడిపోవుచుండెను. 2024లో మైక్రోకోడు సవరణ విడుదల చేసిరి గాని, అప్పటికే చెడినదానిని ఆ సవరణ బాగుచేయలేదు. ఆ యేడు ఆగస్టులో ఇంటెల్ ఆ ప్రాసెసర్ల హామీని మరి 2 సంవత్సరములు పొడిగించినది. పెట్టె సరకు కొన్నవారికి మొత్తము 5 సంవత్సరములైనది. ట్రే సరకు కొన్నవారు మాత్రము తిరిగి తమ అంగడివానినే యాశ్రయింపవలసి వచ్చినది.

ఇక బిల్లు మాట. కంప్యూటరు భాగములపై జి.ఎస్.టి. నూటికి 18. భాగముల వెల 40,000 రూపాయలైన పన్ను 7,200. “బిల్లు వద్దనుకొన్న ఇది మిగులును” అను మాట విని లొంగువారు కలరు. మేమెరిగిన యొక కుటుంబమువారు అట్లే చేసిరి. 7 నెలలకు బోర్డు చెడగా, కొన్న తేదీకి ఋజువు లేక క్రొత్తది కొనుక్కొనిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20నుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము బిల్లు ఈయకుండుట అనుచిత వాణిజ్య పద్ధతి. లోపముగల వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోపల, గడువు లేనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొననని నిరాకరించుటయు అట్టిదే. కావున “అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు” అను అచ్చు వాక్యమును చూచి బెదరనక్కరలేదు.

సరిహద్దున నుండు మనకు ఆ చట్టమువలన మరియొక మేలు కలిగినది. 1986 నాటి చట్టము ప్రకారము అమ్మినవాడున్న చోటనో, వివాదము పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి యుండెను. బెంగళూరులో కొన్నవాడు బెంగళూరునకే తిరుగవలసి వచ్చెడిది. ఇపుడు కొనుగోలుదారుడు తాను నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల వరకు వెలగల వస్తువునకు రుసుము లేదు. గడువు 2 సంవత్సరములు. అంతకుముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసినను సలహా లభించును.

యంత్రమును మరమ్మతునకు ఇచ్చుటకు ముందు ప్రతి భాగముపైనున్న సీరియల్ సంఖ్యను ఫోటో తీసి యుంచవలెను. ఆ సంఖ్యలను బిల్లుపై వ్రాయించుకొన్న మరియు మంచిది. హామీ వస్తువునకేగాని అందలి వ్రాతలకు లేదు. చెడిన ఎస్.ఎస్.డి. స్థానమున క్రొత్తది వచ్చును; అందలి పాఠములు, ఫోటోలు, ప్రాజెక్టులు రావు. వానికి ప్రతి తీసి వేరొక డ్రైవులో దాచుకొను పని అమర్చినవానిది కాదు, వాడుకొనువానిదే.